రెండు చుక్కలు కరిగితే తరుగెంత?

2017 ఆగస్టు 17. మన గడియారంలో సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. ఆ నిమిషంలో భూమి, భూమితో పాటు మీరూ నేనూ, అందరం అణువుకన్నా ఎన్నో రెట్లు చిన్న కొలతలో సాగాం, మళ్లీ ముడుచుకున్నాం. ఎవరికీ తెలియలేదు. అమెరికాలో రెండు చోట్ల ఉన్న లైగో యంత్రాలకీ, ఇటలీలో ఉన్న వర్గో యంత్రానికీ మాత్రం ఆ అల తగిలింది. దాదాపు 100 సెకన్ల పాటు వచ్చింది. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, చివర్లో గిరగిరమని. ఆ తర్వాత ఏమీ లేదు.

అల ఆగిన 1.7 సెకన్లకి ఆకాశంలో తిరుగుతున్న ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాల మెరుపు ఒకటి కనిపించింది. రెండు సెకన్ల మెరుపు. ముందు అల, వెనక వెలుగు, రెండూ ఒకే చోటి నుంచి. అంతకు ముందు ఎప్పుడూ అలా జరిగింది లేదు.

జరిగిందేమిటంటే, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి, చివరికి ఢీకొని ఒకటైపోయాయి. ఎక్కడ? ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో. మన పంచాంగంలో హస్త, చిత్త అని చదువుకుంటాం చూడండి, ఆకాశంలో ఆ చుక్కలకి కొంచెం దిగువన. దూరం దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. అంటే ఆ పెళ్లి జరిగిన రోజున భూమ్మీద డైనోసార్లు తిరుగుతున్నాయి. మన భారతదేశం ఇంకా ఆసియాకి అతుక్కోలేదు. కబురు మనకి 2017లో అందింది.

న్యూట్రాన్ నక్షత్రం అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పేస్తాను. సూర్యుడికంటే చాలా బరువైన నక్షత్రం పేలిపోయాక, మధ్యలో మిగిలే గట్టి గింజ. వెడల్పు 20, 25 కిలోమీటర్లకి మించదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేస్తుంది. బరువు మాత్రం సూర్యుడికంటే ఎక్కువ. దాని నుంచి ఒక చెంచాడు తీస్తే వంద కోట్ల టన్నులకి పైమాటే. అలాంటివి రెండు ఢీకొన్నాయి.

నేను ఖగోళ శాస్త్రవేత్తని కాదు. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునే టీచర్‌ని. కానీ ఈ సంగతి నన్ను వదలకపోవడానికి వేరే కారణం ఉంది. నేను కంసాలి కూతుర్ని. మాది ప్రొద్దుటూరు. బంగారు అంగళ్ల ఊరు. మా నాయన ఆ అంగళ్ల వెనక సందులో, ఒక చిన్న గదిలో, కుంపటి ముందు కూర్చుని 40 ఏళ్లు పని చేశాడు. ఊదుగొట్టం శబ్దం విని నిద్ర లేచిన ఇల్లు మాది. బంగారం ఎంతో మా ఇంట్లో ఎప్పుడూ లేదు, కానీ ఊళ్లో వాళ్ల బంగారం ఎప్పుడూ ఉండేది.

అందుకే "బంగారం నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుడుతుంది" అని మొదటిసారి చదివినప్పుడు నాకది సైన్స్ వార్తలా అనిపించలేదు. మా ఇంటి విషయంలా అనిపించింది.

కథలో ముందుకు పోయే ముందు ఒక మాట. ఈ కబురు మనకి అందడం ఎంత అదృష్టమో చూడండి. ఇటలీలోని వర్గో ఆగస్టు 1నే కొత్త హంగులతో పనిలో చేరింది. ఆగస్టు 25న మూడు యంత్రాలూ మరమ్మతుల కోసం ఆగిపోవాలి. ఈ 25 రోజుల సందులో వచ్చింది ఆ అల. వచ్చినప్పుడు కూడా సాఫీగా రాలేదు. లివింగ్‌స్టన్‌లోని లైగోలో, నక్షత్రాలు కలవడానికి దాదాపు ఒక సెకను ముందు, ఏదో పెద్ద శబ్దం లాంటి అడ్డంకి పడింది. దాంతో కంప్యూటర్ ఆ యంత్రం రికార్డుని పక్కన పెట్టేసింది. మనుషులు కూర్చుని, ఆ అడ్డంకిని తీసేసి చూస్తే, కింద అల చెక్కుచెదరకుండా ఉంది.

వర్గోలో సిగ్నల్ చాలా బలహీనంగా ఉంది. బలంగా వినిపించాల్సింది వినిపించలేదంటే, ఆ యంత్రానికి సరిగా వినపడని దిక్కు నుంచి వచ్చిందన్నమాట. దాంతో వెతకాల్సిన ఆకాశం బాగా తగ్గిపోయింది. శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్ కూడా ఆ మెరుపుని చూడలేదు. దానికీ ఆ గెలాక్సీకీ మధ్య భూమి అడ్డంగా ఉంది. కనపడకపోవడం కూడా ఒక సమాచారమే.

ఇంకో తిరకాసు. ఆ గెలాక్సీ అప్పుడు ఆకాశంలో సూర్యుడికి దగ్గరగా ఉంది. పొద్దు గూకాక కాసేపే కనిపిస్తుంది, తర్వాత అస్తమిస్తుంది. చిలీ దేశంలో లాస్ కాంపనాస్ కొండ మీద స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోప్ ఉంది. పెద్దదేం కాదు. అల వచ్చిన 11 గంటలకి, చీకటి పడగానే, అందులో ఒక్కో గెలాక్సీనీ వరసగా ఫొటోలు తీస్తూ పోయారు. ఎన్‌జీసీ 4993 దగ్గర పాత ఫొటోలో లేని చుక్క ఒకటి ఉంది. దొరికింది.

ఆ చుక్క మొదటి ఒకటి రెండు రోజులు నీలంగా ఉంది. వారం తిరిగేసరికి ఎర్రబడి, మసకబారింది. దీన్నే కిలోనోవా అంటారు. ఢీకొన్నప్పుడు చిమ్మిన న్యూట్రాన్ల ముద్దలో, కళ్లు మూసి తెరిచేలోగా, చిన్న పరమాణు కేంద్రకాలు న్యూట్రాన్లని గబగబా మింగి బరువెక్కుతాయి. ఇనుము దాటి, వెండి దాటి, బంగారం, ప్లాటినం, యురేనియం దాకా. అలా పుట్టినవాటిలో చాలా వాటికి నిలకడ ఉండదు. అవి విరిగిపోతూ ఇచ్చే వేడే ఆ వెలుగు. బరువైన మూలకాలు నీలం రంగుని అడ్డుకుంటాయి, ఎరుపుని బయటికి వదులుతాయి. అందుకే చుక్క ఎర్రబడటం చూసి శాస్త్రవేత్తలు సంబరపడ్డారు.

మా నాయన దగ్గర ఒక గీటురాయి ఉంది. నున్నటి నల్లరాయి. నగని దాని మీద ఒక గీత గీసి, పక్కన తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటి రంగూ పోల్చి ఎన్ని క్యారెట్లో చెప్పేస్తాడు. నక్షత్రాల వాళ్లు చేసేదీ దాదాపు అదే. వెలుగుని రంగులుగా విడదీసి, ఏ రంగు దగ్గర గాడి పడిందో చూసి, అందులో ఏముందో చెబుతారు. ఈ కిలోనోవా గీతల్లో 2019లో స్ట్రాన్షియం గుర్తుపట్టారు. దీపావళికి ఎర్రటి మంట ఇచ్చే మందుల్లో ఉండేది అదే. 2023లో వేరే చోట జరిగిన ఇలాంటి పేలుడులో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ టెలూరియం జాడ పట్టుకుంది. బంగారం గీతని మాత్రం ఇంతవరకూ ఎవరూ విడిగా చూపించలేదు. అంత కిక్కిరిసిన గీతల్లో అది కలిసిపోయి ఉంటుంది. మిగతావన్నీ పుట్టిన చోట అదీ పుట్టిందని లెక్కలు చెబుతున్నాయి, అంతే.

ఇక ఇంటి సంగతి.

మా అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె పుస్తెలు బీరువాలో, పసుపు రాసిన గుడ్డలో ఉన్నాయి. మీకు తెలిసే ఉంటుంది, పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. వేరు వేరు ఇళ్ల నుంచి వచ్చి ఒక తాడు మీద చేరతాయి. మా అమ్మవి రెండూ మా నాయనే చేశాడు. తన పెళ్లికి తనే.

పోయిన వేసవిలో నేను సెలవులకి ఇంటికి వెళ్తే, నాయన ఆ గుడ్డ తెచ్చి నా ముందు పెట్టాడు. "గది ఖాళీ చేస్తాండాను పాపా. కుంపటి ఎత్తేసే లోపల వీటిని కరిగించి నీకూ తమ్ముడికీ చెరో ఉంగరం చేస్తా. తర్వాత నా చేత్తో చెయ్యాలన్నా కుదరదు" అన్నాడు.

ఇప్పుడు నగలన్నీ మిషన్‌లో అచ్చు పోసి వస్తున్నాయి. నెక్లెస్ కావాలంటే షోరూమ్‌కి పోతారు, ఫోన్‌లో డిజైన్ చూపిస్తారు. మా సందులో ఊదుగొట్టాలు ఒక్కొక్కటీ ఆగిపోతూ వచ్చాయి. నాయనకి చూపు కూడా తగ్గింది. గది ఖాళీ చెయ్యడం గురించి నేనేం మాట్లాడలేదు. పుస్తెల దగ్గర మాత్రం నా వల్ల కాలేదు.

"అవి అట్లనే ఉండనీ నాయనా. కరిగిస్తే ఇంగ అమ్మదేం మిగుల్తాది?" అన్నాను.

నాయన కోప్పడలేదు. గుడ్డ విప్పి ఒక పుస్తె చేతిలోకి తీసుకున్నాడు. "ఇది మా అమ్మ కమ్మలు కరిగించి చేసినా. ఆ కమ్మలు ఎవరివో ఏం నగ కరిగించి చేసినారో మా నాయనకే తెలీదు. ఇంగోటి మీ అమ్మమ్మ వాళ్లు ఇచ్చిన కాసుతో చేసినా. ఇప్పుడు చెప్పు, ఇది ఎవరిది?"

నాకు సమాధానం రాలేదు. ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు, వేరే దారిలో సమాధానం చెబుదామని, ఈ నక్షత్రాల కథంతా నాయనకి చెప్పాను. ఆయన పదో తరగతి దాకా చదివాడు. అంతా విని, ఒక కంసాలి అడిగే ప్రశ్నే అడిగాడు.

"రెండూ కరిగినాయి, సరే. పెట్టిందెంత, వచ్చిందెంత, తరుగెంత?"

నేను ఇన్నేళ్లు క్లాసులో ఈ పాఠం చెప్పాను. ఏ విద్యార్థీ ఇంత సూటిగా అడగలేదు. ఫోన్ తీసి లెక్క చెప్పాను. మీరూ చూడండి.

పెట్టింది: రెండు నక్షత్రాలూ కలిపి 2.74 సూర్యుళ్ల బరువు.

బయటికి చిమ్మింది: సూర్యుడి బరువులో 20వ వంతు, దాదాపు. చిన్నగా అనిపిస్తుంది గానీ అది 16 వేల భూముల బరువు. అందులో బంగారం వాటా కొన్ని భూములంత ఉండొచ్చని ఒక అంచనా. మనుషులు చరిత్ర మొత్తంలో తవ్వి తీసిన బంగారం రెండు లక్షల టన్నులకి కాస్త పైన, అంతే. కుప్ప పోస్తే ఒక ఏడంతస్తుల అపార్ట్‌మెంట్ అంత.

తరుగు: గురుత్వ తరంగాలుగా మారి పోయింది కనీసం సూర్యుడి బరువులో 40వ వంతు. అంటే ఎనిమిది వేల భూములంత పదార్థం అచ్చంగా శక్తిగా మారి అలల్లో పోయింది. అది తిరిగి రాదు. 2017లో మన గుండా వెళ్లిన అల ఇప్పటికీ ముందుకు పోతూనే ఉంది.

"నూటికి ఒకటి తరుగు" అన్నాడు నాయన, మనసులోనే లెక్కేసి. "మంచి పనోడే."

నవ్వాను. ఆయన మాత్రం ఆగలేదు. "మిగిలిందేంది? మూసలో ఏముంది?"

ఇక్కడే చిక్కు. ఈ విషయం గురించి రాసే చాలామంది బంగారం దగ్గర ఆగిపోతారు. కానీ బరువులో నూటికి 95 పాళ్లకి పైగా మధ్యలోనే ఉండిపోయింది. అదేమిటి?

2.6, 2.7 సూర్యుళ్ల బరువున్న ఒక వస్తువు. మనం సరిగ్గా తూచగలిగిన న్యూట్రాన్ నక్షత్రాల్లో అన్నిటికంటే బరువైనవి 2 సూర్యుళ్ల కంటే కొంచెం ఎక్కువ, అంతే. కాబట్టి ఇంత బరువుని ఏ న్యూట్రాన్ నక్షత్రమూ ఎక్కువ సేపు మొయ్యలేదు. కానీ కలిసిన క్షణంలో అది భయంకరమైన వేగంతో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడే దాన్ని కాసేపు కూలిపోకుండా నిలబెడుతుంది. వేగం తగ్గగానే కుప్పకూలి కృష్ణబిలం అయిపోతుంది. ఒక సెకను అటూ ఇటుగా అలా నిలబడి కూలిపోయి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. అల ఆగాక మెరుపు రావడానికి పట్టిన ఆ 1.7 సెకన్లు, మొదటి రోజుల నీలం రంగు, వాళ్ల వాదనకి ఆధారాలు.

కళ్లారా చూసినవాళ్లు లేరు. కలిసిన తర్వాత ఆ వస్తువు మోగి ఉంటే, ఆ మోత చాలా హెచ్చు స్థాయిలో ఉంటుంది. లైగో చెవులు అక్కడ అంత పదునుగా లేవు. వెతికారు, దొరకలేదు. మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్రా ఎక్స్‌రే టెలిస్కోప్ తొమ్మిది రోజుల తర్వాత అక్కడ ఎక్స్‌రే వెలుగు పట్టుకుంది. తర్వాత రేడియో తరంగాలూ వచ్చాయి. పుణె దగ్గర నారాయణ్‌గావ్ పక్కన, 30 పెద్ద పళ్లేల్లా ఉన్న మన జీఎంఆర్‌టీ కూడా ఆ రేడియో మోతని విన్నది. ఆ వెలుగు ఐదు నెలల దాకా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఢీకొన్నప్పుడు దూసుకొచ్చిన ఒక ధార చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకోవడం వల్ల వచ్చిన వెలుగు అది. మధ్యలో ఉన్నదాని గురించి అది నేరుగా ఏమీ చెప్పలేదు.

"అంటే లెక్క ఇంకా తేలలేదు" అన్నాడు నాయన.

"తేలలేదు నాయనా."

"మల్లా ఎప్పుడు జరుగుతాది?"

2019లో ఇంకో జంట కలిసింది. మొత్తం 3.4 సూర్యుళ్ల బరువు. దూరం ఎక్కువ, దిక్కు సరిగా తెలియలేదు, వెలుగు ఎవరికీ చిక్కలేదు. ఆకాశంలో బంగారమంతా ఇలాంటి జంటల నుంచే వచ్చిందా అన్నదీ ఇంకా తెగలేదు. మాగ్నెటార్ అనే అయస్కాంత నక్షత్రాల మంటల్లోనూ కొంత పుడుతుందని 2025లో ఒక అధ్యయనం చెప్పింది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా కట్టడానికి కేంద్రం 2023లో ఒప్పుకుంది. నాందేడ్ దాటితే హింగోలి. మన నిజామాబాద్ వైపు వాళ్లకి ఏమంత దూరం కాదు. అది పని మొదలుపెడితే ఆకాశంలో దిక్కు పట్టడం చాలా తేలిక అవుతుంది. అప్పుడు ఈ పేజీ చదువుతున్న మీలో ఎవరైనా అక్కడ నైట్ డ్యూటీలో ఉండొచ్చు. నేను ఊరికే అనడం లేదు. ఇంటర్ ఫిజిక్స్ దగ్గరే మొదలవుతుంది ఆ దారి.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఇది. నేను అమ్మని పుస్తెల ఆకారంలో దాచుకోవాలనుకున్నాను. నాయనకి ఆ ఆకారం తన చేతి పనే. దాన్ని కరిగించే హక్కు, కరిగించే బాధ, రెండూ ఆయనవే. మూతపడుతున్న ఆ గదిలో చివరి పని ఏదై ఉండాలో ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. నాతో అన్నది అడగడం కాదు, చెప్పడం. పొద్దున లేచి, "నేను కూడా వస్తా నాయనా" అన్నాను.

తూకం వేశాడు. 6 గ్రాముల 240 మిల్లీలు. రెండు పుస్తెలూ మూసలో వేసి, వెలిగారం చల్లి, మంట పెట్టాడు. కాసేపు రెండూ విడివిడిగానే కనిపించాయి. అంచులు మెత్తబడ్డాయి. తర్వాత ఒకదాన్నొకటి తాకాయి. తాకిన క్షణం నుంచి ఏది పుట్టింటిదో ఏది అత్తింటిదో తెలియలేదు. ఒకే బొట్టు, ఎర్రగా, వణుకుతూ. నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పొగ అన్నాడు.

కడ్డీ పోసి, సాగగొట్టి, కమ్మచ్చులోంచి తీగ లాగి, మూడు రోజుల్లో రెండు ఉంగరాలు చేశాడు. నాది 3 గ్రాముల 20 మిల్లీలు, తమ్ముడిది 3 గ్రాముల 10 మిల్లీలు. రాచినప్పుడు రాలిన రజను 150 మిల్లీలు దొరికింది. అంతా చిన్న నోటుబుక్‌లో రాశాడు. 40 ఏళ్లుగా ఆయన ప్రతి పనికీ రాసే లెక్కే. చివరి గడిలో తరుగు 60 మిల్లీలు.

నూటికి ఒకటి. మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఎవరం పైకి అనలేదు.

"ఆ 60 మిల్లీలు యాడికి పోయినట్టు?" అని అడిగాను.

నాయన కుంపటి వైపు చూపించాడు. కొంత పొగలో, కొంత మూసకి అంటుకుని, మిగతాది బూడిదలో. మా చిన్నప్పుడు జలగడుగువాళ్లు వచ్చేవాళ్లు. కంసాలి అంగళ్ల బూడిద, చీపురు కింది దుమ్ము, చివరికి సందులో కాలువ మట్టి కూడా కొనుక్కుపోయి, కడిగి, గింజంత బంగారం తీసేవాళ్లు. ఇప్పుడు వాళ్లూ తగ్గారు గానీ, ఏడాదికోసారి ఒకాయన బండి మీద వస్తాడట.

గది ఖాళీ చేసిన రోజు నాయన దాగలి, సుత్తి, కమ్మచ్చు, గీటురాయి అన్నీ గోనె సంచిలో కట్టాడు. కుంపటి బూడిద మాత్రం ఒక రేకు డబ్బాలోకి ఎత్తి మూత పెట్టాడు. "ఇది మనమే దాచుకుందామా?" అన్నాను. నా వైపు వింతగా చూశాడు.

"ఎందుకు పాపా? ఆయన వస్తే ఇచ్చేస్తా. కడుక్కుంటాడు. ఎవురికో ముక్కుపుడక అవుతాది."